ట్రెడ్‌మిల్ కొనే ముందు ఒక కుర్చీ వేసుకోండి

"సిస్టర్ గారూ, ఇంట్లో పెట్టుకోవడానికి ట్రెడ్‌మిల్ మంచిదా, సైకిల్ మంచిదా?"

ఈ మధ్య మా షుగరు క్లినిక్ ముందు బెంచీల మీద ఈ ప్రశ్న వినిపించని రోజు లేదు. ఆదివారం ఆరాధన అయ్యాక గుడి మెట్ల దగ్గర నిలబెట్టి అడిగేవారూ ఉన్నారు. అడగడం మంచిదే. మేము ఉద్యోగంలో చేరిన రోజుల్లో వ్యాయామం అంటే కుర్రాళ్ళ పని అని నవ్వి ఊరుకునేవారు. ఇప్పుడు అరవై దాటిన అమ్మమ్మలు, తాతయ్యలు కూడా అడుగుతున్నారంటే మాకు సంతోషమే.

అయితే మేము చెప్పే జవాబు చాలామందికి నచ్చడం లేదు. "ముందు ఇంట్లో ఉన్న గట్టి చెక్క కుర్చీ ఒకటి గోడకి ఆనించి వేసుకోండి. చేతులు ఆనించకుండా దాని మీద నుంచి ఎన్నిసార్లు లేవగలరో చూసుకోండి. యంత్రం సంగతి ఆ తరువాత మాట్లాడుకుందాం" అంటున్నాము. కొందరు మేము పిసినారితనం నేర్పుతున్నామనుకుంటున్నారు. అందుకే మా అభిప్రాయం ఏమిటో, అది ఎందుకు ఏర్పడిందో వివరంగా రాస్తున్నాము.

మా వార్డులో ఒక అమ్మ

క్రిందటి వేసవిలో అరవై ఎనిమిదేళ్ళ అమ్మ ఒకరు తుంటి ఎముక విరిగి మా దగ్గర చేరారు. పన్నెండేళ్ళుగా షుగరు, రెండేళ్ళుగా ఇన్సులిన్. పిల్లలు విదేశంలో ఉన్నారు. భార్యాభర్తలిద్దరే ఇంట్లో ఉంటారు. "అమ్మా, నువ్వు నడవడం లేదు" అని కొడుకు పోరి పోరి, చివరకు ఆయనే ఆన్‌లైన్‌లో ట్రెడ్‌మిల్ కొని ఇంటికి పంపించారు. బిగించడానికి వచ్చిన కుర్రవాడు పది నిమిషాల్లో మీటలు చూపించి వెళ్ళిపోయాడు.

ఆ అమ్మ రోజూ చీర కట్టుకునే, హవాయి చెప్పులతోనే దాని మీద నడిచారు. బట్టకు తగిలించుకోవలసిన ఎర్ర తాడు ఎందుకో ఆమెకు ఎవరూ చెప్పలేదు. నాలుగో రోజు చెప్పు జారింది. బెల్టు ఆగలేదు. ఆమెను వెనక్కి లాగి గోడకి కొట్టింది. యంత్రానికీ గోడకీ మధ్య ఉన్న చోటు రెండడుగులు.

ఆపరేషన్ అయిన మర్నాడు ఆమె మాతో అన్న మాట ఒక్కటే. "యంత్రం మీద పడ్డానని మా బాబుకి చెప్పకండమ్మా. బాత్‌రూములో జారానని చెప్పాను. వాడు బాధపడతాడు." ఆ కొడుకు తల్లి మీద ప్రేమతోనే కొన్నాడు. ఆమె కొడుకు మీద ప్రేమతోనే అబద్ధం చెప్పింది. ఇద్దరి ప్రేమలోనూ లోటు లేదు. లోటు ఎక్కడ జరిగిందంటే, ఆ ఇంటికి ఏ వస్తువు సరిపోతుందో చూసినవారు ఎవరూ లేరు.

ఇందులో మా తప్పు

ఇక్కడ మా తప్పు కూడా ఒప్పుకోవాలి. ఆ అమ్మ అంతకు ముందు షుగరు పరీక్షకు వచ్చినప్పుడల్లా మా నర్సులు చీటీ మీద "వ్యాయామం చేయాలి" అని రాసి పంపారు. ఏ వ్యాయామం, ఎంతసేపు, వారానికి ఎన్ని రోజులు, ఏ చెప్పులతో అన్నది రాయలేదు. మాత్ర రాస్తే ఎన్ని మిల్లీగ్రాములో, అన్నానికి ముందో తరువాతో రాస్తాము. వ్యాయామం దగ్గరకు వచ్చేసరికి ఒక్క మాటతో సరిపెట్టాము. మేము వదిలేసిన ఖాళీని దుకాణం వాళ్ళు, టీవీ ప్రకటనలు నింపుతున్నాయి. అమ్మేవాళ్ళు తమ దగ్గర ఉన్నదే చెబుతారు గానీ, మీ మోకాళ్ళ సంగతి వాళ్ళకేం తెలుస్తుంది?

పని తీసేసిన యంత్రాలు, పని తెచ్చిపెట్టే యంత్రాలు

మా అమ్మల కాలంలో ఇంట్లోనే వ్యాయామశాల ఉండేది. రోట్లో పచ్చడి, తిరగలిలో పిండి, నూతిలో చేద, వాకిట్లో కళ్ళాపి, నేల మీద కూర్చుని భోజనం. రోజుకి ఎన్నిసార్లు కూర్చుని లేచేవారో లెక్కే లేదు. మగపిల్లలకు ఊళ్ళో తాలింఖానా ఉండేది. దండీలు, బస్కీలు తీసేవారు, సంగిడీలు ఎత్తేవారు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు గారి వంటి మల్లయోధుడు అలాంటి సాధన నుంచే వచ్చారు.

ఇప్పుడు మిక్సీ, గ్రైండరు, మోటారు, వాషింగ్ మిషన్ వచ్చాయి. అవి వద్దని మేము అనము. పాత రోజుల్లో ఆడవాళ్ళ నడుములు ఎలా పడిపోయేవో కూడా చూశాము. కానీ పని పోయాక ఒళ్ళు మాత్రం అలాగే ఉంది. భారత వైద్య పరిశోధన మండలి వారి సర్వే 2023లో ప్రచురించిన లెక్క ప్రకారం మన దేశంలో షుగరు ఉన్నవారు సుమారు 10 కోట్ల 10 లక్షల మంది. షుగరు అంచున ఉన్నవారు ఇంకో 13 కోట్ల 60 లక్షల మంది. కాబట్టి కదలిక కావాలి. అందులో వాదన లేదు.

ఎంత కదలిక? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సలహా ఇది. పెద్దవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ, అంటే చురుకైన నడక వంటిది. దానితోపాటు వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు బలం ఇచ్చే వ్యాయామం. 65 దాటినవారికి వారానికి మూడు రోజులైనా నిలకడను, బలాన్ని పెంచే వ్యాయామాలు. ఈ రెండో భాగాన్నే మనవాళ్ళు మరిచిపోతున్నారు. నడక ఒక్కటే వ్యాయామం అనుకుని నడిపించే యంత్రం కొంటున్నారు. ముసలితనంలో మనిషిని మంచాన పడేసేది మాత్రం ఎక్కువగా తొడల్లో బలం తగ్గడమే, నిలకడ తప్పడమే.

కుర్చీ పరీక్ష

మేము కుర్చీ అని ఎందుకు అంటున్నామో ఇప్పుడు చెబుతాము. మధ్యలో తూలే ప్లాస్టిక్ కుర్చీ వద్దు. చేతులు లేని గట్టి చెక్క కుర్చీని గోడకి ఆనించండి. పాదాలు నేలకి పూర్తిగా ఆనేలా కూర్చోండి. రెండు చేతులూ గుండెల మీద అడ్డంగా పెట్టుకోండి. 30 సెకన్లలో పూర్తిగా లేచి నిలబడి మళ్ళీ కూర్చోవడం ఎన్నిసార్లు చేయగలరో లెక్కపెట్టండి. పక్కన ఒక మనిషి ఉండాలి.

60 నుంచి 64 ఏళ్ళ మధ్య ఉన్న మగవారు 14 కన్నా తక్కువ, ఆడవారు 12 కన్నా తక్కువ లేస్తే బలం తగ్గినట్టు. 65 నుంచి 69 మధ్య అయితే మగవారికి 12, ఆడవారికి 11. అమెరికాలో పెద్దవారు పడిపోయే ప్రమాదాన్ని అంచనా వేయడానికి వైద్యులు వాడే లెక్క ఇది. చేతులు ఆనించకుండా ఒక్కసారి కూడా లేవలేకపోతే ఆ లెక్క సున్నా. అలాంటివారు కదిలే బెల్టు ఎక్కకూడదు అన్నది మా గట్టి అభిప్రాయం. వారికి మొదటి వ్యాయామ పరికరం ఆ కుర్చీయే. ఎత్తు కోసం ఒక దిండు వేసుకుని, రోజుకి రెండుసార్లు, ఐదేసి మార్లు లేవడంతో మొదలుపెట్టవచ్చు.

పరికరాలు ఎవరికి నిజంగా అవసరం?

ఇదంతా చదివి, ఏమీ కొనవద్దంటున్నామని అనుకోకండి. బయట నడిచే వీలు లేనివారు చాలామంది ఉన్నారు. మే నెలలో మన ఊళ్ళలో ఎండ సంగతి తెలిసిందే. రోడ్డు పక్క నడిచే దారి లేదు, తెల్లవారుజామున కుక్కల బెడద. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలు పొద్దున్నే బూట్లు వేసుకుని వీధిలో నడవడానికి మొహమాటపడుతుంది. చూపు తగ్గినవారు గుంతలు చూసుకోలేరు. వీరికి ఇంట్లో వసతి ఉండటం నిజంగా మేలు.

కానీ ఒక సంగతి అడగాలి. ఇంట్లో యంత్రం కొన్నాక దాని మీద ఎవరు ఎక్కుతున్నారు? మేము చూసిన చాలా ఇళ్ళలో అయ్యగారు నడుస్తుంటే, అమ్మగారు కాఫీ కలుపుతూ ఉంటారు. ఆవిడకీ షుగరు ఉంటుంది, బి.పి. ఉంటుంది. "నాకు ఇంటి పనే వ్యాయామం" అంటారు. ఇంటి పని అలుపు తెస్తుంది, నిజమే. కానీ ఊపిరి కాస్త వేగం పుంజుకునేలా అరగంట ఆపకుండా చేసే పని అందులో తక్కువ. ఆవిడకు ముందు కావలసింది యంత్రం కాదు, పొద్దుటిపూట ఎవరూ పిలవని అరగంట. ఆ అరగంట ఇంట్లోవాళ్ళు ఇవ్వగలిగితే, ఏ పరికరం కొన్నా ఉపయోగపడుతుంది. ఇవ్వలేకపోతే ఎంత ఖరీదైనదైనా మూడో నెలకల్లా బట్టలు ఆరేసుకునే దండెం అవుతుంది. మా నర్సుల క్వార్టర్స్‌లో అందరం కలిసి చందాలు వేసుకుని కొన్న సైకిల్ కూడా అలాగే అయింది. కాబట్టి మేము మిమ్మల్ని చూసి నవ్వడం లేదు.

మేము చెప్పే వరుస

ఈ వరుసలో, ఒక్కొక్కటీ నెలో రెండు నెలలో అలవాటయ్యాకే తరువాతది కొనండి.

1. బూట్లు. మడమను పట్టి ఉంచే, వేళ్ళ దగ్గర వెడల్పున్న బూట్లు, నూలు మేజోళ్ళు. షుగరు ఉన్నవారు ఇంట్లో అయినా వట్టి కాళ్ళతో వ్యాయామం చేయవద్దు. పాదాల్లో స్పర్శ తగ్గితే పుండు పడినా తెలియదు. సాయంత్రం పూట కొనండి, పగలంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. ఇంటికి వచ్చాక పాదాల అడుగు చూసుకోవడం అలవాటు చేసుకోండి.

2. చాప. జారని రబ్బరు అడుగు ఉన్నది తీసుకోండి. టైల్సు మీద దుప్పటి పరిస్తే జారుతుంది. మరీ మెత్తని చాప మీద నిలబడి చేస్తే పాదం తూలుతుంది.

3. రబ్బరు పట్టీలు. ఫిజియోథెరపీ గదిలో రంగురంగుల పట్టీలు చూసే ఉంటారు. చవకైనవి, సంచిలో పడతాయి, చుట్టాల ఇంటికి వెళ్ళినా తీసుకుపోవచ్చు. పలచనిదానితో మొదలుపెట్టి మందమైనదానికి వెళ్ళాలి. రంగు లెక్క కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి లాగి చూసి కొనండి. మన ఎండలకు రబ్బరు పగుళ్ళు తీస్తుంది. వాడే ముందు ప్రతిసారీ వెలుతురులో చూడండి. చిన్న చీలిక ఉన్నా పారేయండి, తెగితే మొహానికి కొడుతుంది.

4. డంబెల్స్. ముందు లీటరు నీళ్ళ సీసాలు రెండు చాలు, ఒక్కొక్కటి కిలో. పది పన్నెండుసార్లు ఎత్తగలగాలి, చివరి రెండూ కాస్త కష్టంగా ఉండాలి. అదే మీ బరువు. తేలిక అయిపోతే అరకిలో పెంచండి. ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టవద్దు, బి.పి. ఒక్కసారిగా పెరుగుతుంది. ఎత్తేటప్పుడు వదలండి, దించేటప్పుడు పీల్చండి. వాటిని అలమర పైన కాకుండా నేల మీదే పెట్టండి.

5. సైకిల్. మోకాళ్ళ నొప్పులు ఉన్నవారికి, శరీరం బరువు ఎక్కువ ఉన్నవారికి యంత్రాల్లో మా మొదటి ఓటు దీనికే. బరువు సీటు మీద పడుతుంది, మోకాలి మీద కాదు. కరెంటు పోయినా పని చేస్తుంది, ఉన్నట్టుండి ఆపినా మనిషిని పడేయదు. పెడల్ కిందికి వెళ్ళినప్పుడు మోకాలు కాస్త మాత్రమే వంగి ఉండేలా సీటు ఎత్తు పెట్టుకోండి. సీటు మరీ కిందికి ఉంటే మోకాలు ఇంకా నొప్పి చేస్తుంది. నిలకడ తక్కువైనవారు, నడుం నొప్పి ఉన్నవారు వీపుకు ఆనుడు ఉన్న రకం తీసుకోండి. అయస్కాంతం రకం చప్పుడు చేయదు. దుకాణంలో పది నిమిషాలు తొక్కి చూడకుండా కొనవద్దు.

6. ట్రెడ్‌మిల్. అన్నిటికన్నా చివర. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి.

ట్రెడ్‌మిల్ తీసుకునేవారికి

నడిచే యంత్రానికి మొదట్లో మంచి పేరు లేదు. 1818లో ఇంగ్లండులో విలియం క్యూబిట్ అనే ఇంజనీరు జైలు ఖైదీల చేత మెట్లచక్రం తొక్కించడానికి తయారుచేసిన యంత్రం పేరే దీనికి వచ్చింది. దానిని వైద్యంలోకి తెచ్చినది అమెరికాలోని సియాటిల్ నగరంలో పనిచేసిన డాక్టర్ రాబర్ట్ బ్రూస్, ఇంజనీరు వేన్ క్వింటన్, 1952లో. నేటికీ గుండె డాక్టర్లు రాసే టి.ఎం.టి. పరీక్షలో మూడేసి నిమిషాలకు వేగం, ఎత్తు పెంచే పద్ధతికి ఆ డాక్టరు గారి పేరే ఉంది. ఆ పరీక్ష చేసేటప్పుడు పక్కన డాక్టరు, ఇ.సి.జి., అత్యవసర మందులు ఉంటాయి. మీ హాల్లో అవేవీ ఉండవు. ఈ తేడా గుర్తుంచుకోవాలి.

కొనాలనుకుంటే ఇవి చూడండి. రెండు పక్కలా పట్టుకోవడానికి పొడవైన కడ్డీలు ఉండాలి. తక్కువ వేగం గంటకు ఒక కిలోమీటరు లేదా అంతకన్నా తక్కువ నుంచి మొదలవ్వాలి. బెల్టు ఇరుకుగా ఉండకూడదు. మీరు మామూలుగా నడిచే అడుగు వేసి, పక్కలకు తగలకుండా ఉందో లేదో చూడండి. మోటారు బలం అడిగితే దుకాణదారు పెద్ద అంకె చెబుతాడు, అది క్షణకాలం ఇచ్చే బలం. ఆగకుండా ఇచ్చే బలం ఎంత అని అడగండి. ఎంత బరువు మనిషిని మోస్తుందో కాగితం మీద చూసి, ఇంట్లో అందరికన్నా బరువైనవారి కంటే ఇరవై ముప్పై కిలోలు ఎక్కువ ఉన్నది తీసుకోండి. వారంటీ మోటారుకి వేరు, బెల్టుకి వేరు. మన ఊరికి వచ్చి బాగుచేసే మనిషి ఉన్నాడో లేడో ముందే తెలుసుకోండి.

ఇంట్లో మందపాటి 16 ఆంపియర్ల ప్లగ్గు, సరైన ఎర్తింగు కావాలి. ఎక్స్‌టెన్షన్ పెట్టెకు తగిలించవద్దు. చాలా ఇళ్ళలోని ఇన్వర్టరు దీనిని మోయలేదు. యంత్రం వెనుక ఆరడుగుల ఖాళీ ఉండాలి, గోడ గానీ మంచం గానీ ఉండకూడదు. అంత చోటు లేని ఇంట్లో ట్రెడ్‌మిల్ పెట్టవద్దు. ఎర్ర తాడు బట్టకు తగిలించుకోకుండా ఒక్క అడుగూ వేయవద్దు. అది ఊడితే బెల్టు ఆగుతుంది, ఆ తాడు పనే అది. చీరతో, చున్నీ వేలాడుతూ, చెప్పులతో ఎక్కవద్దు. బెల్టు కదులుతుండగా ఎక్కడం, దిగడం చేయవద్దు.

పసిపిల్లలు ఉన్న ఇల్లయితే ఇంకో మాట. కదిలే బెల్టులో చిన్న చెయ్యి పడితే చర్మం ఒరుసుకుని లోతుగా కాలుతుంది. 2021లో అమెరికాలో ఒక రకం ట్రెడ్‌మిల్ కింద చిక్కుకుని ఒక బిడ్డ చనిపోయిన తరువాత, ఆ రకానికి చెందిన సుమారు లక్షా పాతిక వేల యంత్రాలను కంపెనీ వెనక్కి పిలిచింది. వాడనప్పుడు ప్లగ్గు తీసి, తాళం తాడు ఎత్తుగా దాచండి. మనవలు వచ్చే సెలవుల్లో మరీ జాగ్రత్త.

డబ్బు దండగ చేయవద్దు

నడుముకు కట్టుకుంటే చెమట పట్టించే బెల్టులు, కూర్చున్నచోటే ఒళ్ళు ఊపే యంత్రాలు, కరెంటు చురుకు తగిలించే పట్టీలు కొనవద్దు. చెమటతో పోయేది నీరు, కొవ్వు కాదు. చెంబుడు నీళ్ళు తాగగానే ఆ బరువు తిరిగి వస్తుంది. పొట్ట తగ్గిస్తామని కరెంటు బెల్టులు అమ్మిన మూడు ప్రచారాల మీద అమెరికా ప్రభుత్వ సంస్థ 2002లోనే కేసులు పెట్టింది. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు అలాంటివి దగ్గరకు కూడా రానివ్వవద్దు.

ముందుగా డాక్టరు గారిని అడగవలసినవారు

గుండెపోటు వచ్చినవారు, స్టెంటు లేదా బైపాస్ అయినవారు, నాలుగడుగులకే ఆయాసం వచ్చేవారు, కళ్ళ వెనుక పొరలో షుగరు వల్ల రక్తస్రావం ఉన్నవారు, అదుపులో లేని బి.పి. ఉన్నవారు, గర్భిణులు. వీరు ఏ పరికరమైనా కొనే ముందు డాక్టరు గారిని కలవాలి. ఇన్సులిన్ వేసుకునేవారు పరగడుపున వ్యాయామం చేయవద్దు. చేతికందే చోట పంచదార లేదా గ్లూకోజు ఉంచుకోండి. వణుకు, చెమటలు, కళ్ళు తిరగడం మొదలైతే వెంటనే ఆపి తీసుకోండి. గుండెల్లో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి వస్తే ఆపి ఆసుపత్రికి రండి. తగ్గుతుందేమో చూద్దామని కూర్చోవద్దు.

ఎంత వేగం అన్నదానికి యంత్రం మీద వెలిగే నాడి అంకెను నమ్ముకోవద్దు. కొన్ని బి.పి. మాత్రలు నాడిని పెరగనివ్వవు. దానికన్నా మంచి కొలత ఒకటి ఉంది. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. పాట కూడా పాడగలిగితే కాస్త వేగం పెంచండి. మాట కూడా రాకపోతే తగ్గించండి. మా క్వయిర్ వాళ్ళు దీనిని నవ్వుతూ చెప్పుకుంటారు గానీ, కొలత మాత్రం సరైనదే.

చివరగా

ఆ అమ్మ ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నారు. మా ఫిజియోథెరపీ గదిలో కుర్చీ మీద నుంచి లేవడం మొదటి రోజు ఒక్కసారి కూడా చేతకాలేదు. ఇప్పుడు ఆగకుండా ఎనిమిదిసార్లు లేస్తున్నారు. కొడుకుకు నిజం కూడా చెప్పారు. ఆయన ఇప్పుడు రోజూ వాళ్ళ సాయంత్రం, మన పొద్దున, ఫోనులో కనిపిస్తూ అక్కడ తనూ ఒక కుర్చీ వేసుకుని తల్లితోపాటు లేస్తున్నాడట. ఆ కుర్చీకి ఆయన ఖర్చు పెట్టింది ఏమీ లేదు.

దూరాన ఉన్న పిల్లలకు మా మనవి ఇదే. అమ్మానాన్నలకు యంత్రం పంపే ముందు, వాళ్ళు కుర్చీ మీద నుంచి ఎన్నిసార్లు లేవగలరో అడగండి. ఇల్లు ఎంత ఉందో, వెనుక గోడ ఎంత దూరమో, పక్కన మనిషి ఎవరున్నారో అడగండి. అప్పుడు ఏం పంపాలో మీకే తెలుస్తుంది.

మా వంతుగా, ఇకనుంచి మా క్లినిక్ చీటీ మీద "వ్యాయామం చేయాలి" అని ఒక్క మాట రాసి వదలము. ఏది, ఎంతసేపు, ఎన్ని రోజులు అని మందు రాసినట్టే రాస్తాము. రాయకపోతే మీరే అడిగి రాయించుకోండి. ఏదైనా కొనాలనుకుంటే కొనకముందే, మీరు వాడబోయే బూట్లు వేసుకుని మా ఫిజియోథెరపీ గదికి ఒకసారి రండి. అక్కడ సైకిల్ ఉంది, పట్టీలు ఉన్నాయి, బరువులు ఉన్నాయి. ముందు వాటిని వాడి చూడండి. గోడ పక్కన కుర్చీ కూడా ఉంటుంది. మొదలు దానితోనే.